రెండో చీటీ

నేను ఒక టేకు పెట్టెను. నన్ను చేసిన వడ్రంగి మూత బిగుతుగా కుదిర్చి, ఇక ఇందులో ఎవరూ మోసం చెయ్యలేరన్నాడు. పాపం, అతను మా క్రైస్తవ సంఘం పెద్దలను ఎరగడు.

గుడిలో ఏ తగవు తెగకపోయినా ప్రార్థన చేసి నాలో రెండు చీట్లు వేసేవారు. ముందు చేతికొచ్చిన చీటీయే దేవుడి మాట. రెండోది తీసి చూడకూడదు. నా మీద అజమాయిషీ ఇద్దరు పెద్దలది. ఎవరు రక్షణ పొందాలో దేవుడు జగత్తు పుట్టకముందే నిర్ణయించాడంటాడు నతానియేలు. కాదు, మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు, ఎంచుకోవలసింది మనిషేనంటాడు తీతయ్య. ఇరవై ఏళ్లుగా ఇద్దరూ ఉప్పూ నిప్పూ. వినలేక నాకు ఒళ్లు మండేది.

వాళ్లను జక్కయ్య చావు కలిపింది. కల్లు మరిగి పదేళ్లు గుడి గడప తొక్కని మనిషి. సంఘం సమాధుల తోటలో చోటిమ్మని అడగడానికి భార్య సలోమమ్మ వచ్చింది. శవపేటిక గుమ్మం బయటే ఉంది.

“దేవుడు ఏర్పరచుకున్నోడైతే అట్టా పోతాడా?” అన్నాడు నతానియేలు.

“రక్షణను తనే కాలదన్నుకున్నాడు. మనమేం చేస్తాం?” అన్నాడు తీతయ్య.

జనం గొణిగారు. సరే, చీట్లు వేద్దామన్నారు. ‘సరే’ అని నతానియేలు, ‘వద్దు’ అని తీతయ్య రాయాలి. అంతా దేవుడి నిర్ణయమనే నతానియేలు ఈ ఒక్కటీ ఆయనకు వదలలేక తనూ ‘వద్దు’ అనే రాశాడు. తీతయ్య అది చూశాడు. నోరు విప్పే స్వేచ్ఛ అతనికి పూర్తిగా ఉంది. విప్పలేదు. నాకా, నోరే లేదు.

సలోమమ్మ తీసింది. ‘వద్దు’.

“దేవుని చిత్తం,” అన్నాడు నతానియేలు.

ఆమె కదల్లేదు. మళ్లీ నాలో చెయ్యి పెట్టింది. పెద్దలు కేకలేస్తున్నా రెండో చీటీ విప్పి, రెండూ పక్కపక్కన పట్టుకుని అందరికీ చూపించింది.

“అయ్యా, దేవుడే ముందు రాసుంటే నా మొగుడి తప్పేంది? తనే ఎంచుకునేదైతే, ఆఖరి గడియలో ఏం ఎంచుకున్నాడో మీకెట్టా తెలుసు?”

వెనక బల్లల మీంచి నలుగురు లేచి శవపేటిక ఎత్తుకున్నారు. సాయంత్రానికి జక్కయ్య తోటలో పడుకున్నాడు.

మోసం చేసింది మనుషులు, చెడ్డపేరు నాకు. పెంటకుప్ప మీద పారేశారు. సలోమమ్మే ఏరుకుని, గడ్డి పరిచి, కోడికి ఇచ్చింది. గుడిలో ఆ ఇద్దరూ ఇప్పటికీ అరుచుకుంటూనే ఉన్నారట. సిగ్గులేని మనుషులు! గుడ్ల కోసం రోజూ సలోమమ్మ చెయ్యి నాలోకి వస్తుంది. దేవుడు తీయించాడో, తనే తీసిందో నాకు తెలియదు గానీ, ఆ రోజు రెండో చీటీ తీసిన చెయ్యి ఇదే.