ఉడికిపోయిన ఇంజను

ఆమె ఇంటింటికీ తిరిగి, మంచాన పడ్డవాళ్లకు కట్లు మార్చే నర్సు. కారు కదలకపోతే ఆ పని సాగదు. ఆ కారు ఒక పొద్దున నడిరోడ్డు మీద ఉడికిపోయింది. వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి బుస్సుమంది. ఆమె వెంటనే పక్కకు తీసి ఆపేసింది. వేరే బండి దొరకబుచ్చుకుని చేరేసరికి, వీపు నిండా పుండ్లున్న ముసలాయన తడిసిన కట్టుతో మూలుగుతున్నాడు. ఆయన కూతురు ఒక్క మాట కూడా అనలేదు. తలుపు తీసి పక్కకు జరిగింది, అంతే. నాలుగు తిట్టినా ఇంతకన్నా నయమనిపించింది ఆమెకు.

కారును తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చారు. సాయంత్రం అన్నయ్య వచ్చి చుట్టూ ఒకసారి తిరిగాడు. చుట్టాల్లో అతన్ని ఇంజను డాక్టరంటారు. చేతికి మసి అంటకుండానే రోగం చెప్పేస్తాడు మరి. బానెట్ కూడా ఎత్తకుండానే, ఇంజను అతుకులో ఉండే గాస్కెట్ కాలిపోయిందనీ, ఇక తుక్కుకు ఇచ్చేయడమే మేలనీ తేల్చేశాడు. పైగా చెల్లెలికి నడపడం రాక బండిని ఈడ్చి ఈడ్చి చంపిందన్నాడు. బట్టలు మడతపెడుతున్న తల్లి, వాడు చెప్పాక ఇంకేముందని వంత పాడింది.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాడు సెలవు పెట్టి, పాత చొక్కా తొడుక్కుని, వాకిట్లో బానెట్ ఎత్తింది. ఇంజను బాగా చల్లారింది కాబట్టి రేడియేటర్ మూత జంకు లేకుండా తిప్పింది. లోపల అడుగంటిపోయింది. మిగిలిన కాస్తలోనూ ఇంజనును చల్లబరిచే కూలెంట్ ఆకుపచ్చ లేదు, వట్టి కుళాయి నీళ్ల రంగు. ఆమె ఏనాడూ అందులో నీళ్లు పోయలేదు. నూనె మట్టం చూసే పుల్ల లాగి చూసింది. గాస్కెట్ పోతే నూనెలో నీళ్లు కలిసి తెల్లగా నురగ కడుతుందని ఆమె విని ఉంది. ఇక్కడ నురగ జాడే లేదు.

మరి నీళ్లెటు పోతున్నాయి? బండి కింద అట్టముక్క పరిచి, రేడియేటర్ నింపి, మూత బిగించి ఇంజను స్టార్ట్ చేసింది. కాసేపటికి అట్ట మీద టపటపా చుక్కలు పడ్డాయి. ఇంజను ఆపి, టార్చితో వెల్లకిలా కిందికి దూరింది. ముందు వైపు ప్లాస్టిక్ తొడుగు లోపలికి నొక్కుకుపోయి ఉంది. దాని మీద రాయి గీకిన తెల్లటి చార. వెనకాల కింది రబ్బరు గొట్టం చీలింది. ఆ చీలిక చుట్టూ నల్ల టేపు.

టేపు దానంతటది చుట్టుకోదు. కిందటి వారమంతా కారు అన్నయ్య దగ్గరే ఉంది. పళ్లు పటపట కొరుకుతూ ఆమె టేపు ఊడదీసి ఇంట్లోకి వెళ్లింది. అన్నయ్య బల్ల ముందు కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. టేపు అతని ముందు పడేసింది.

అతను టేపును వేలితో పక్కకు నెట్టాడు. మలుపులో ఫోను చూస్తూ రోడ్డు మధ్య దిమ్మెకు గుద్దానని చివరికి ఒప్పుకున్నాడు.

"చిన్న చీలికే కదే. టేపేసి నీళ్లు పోశానుగా."

"చిన్నదైతే చెప్పడానికి నోరెందుకు పెగల్లేదు? నేను కిందికి తొంగి చూస్తానేమోనన్న భయంతో బండిని తుక్కుకి పంపుదామనుకున్నావా? అక్కడ ఒక మనిషి వీపు కుళ్లిపోతోంది అన్నయ్యా."

పెద్దవాడు, పోనీలెమ్మని తల్లి సర్దిచెప్పబోయింది.

"నువ్వు ఊరుకో అమ్మా. నాకు నడపడం రాదన్నప్పుడు నీకు ఈ సర్దుబాటు గుర్తు రాలేదు."

తల్లి తల వంచుకుని దుప్పటి మడతపెట్టడంలో పడింది.

ఆమె దుకాణానికి నడిచి వెళ్లి కొత్త గొట్టం, కూలెంట్ తెచ్చింది. పాత నీళ్లు వంపేసి, గొట్టం మార్చి, రెండు క్లిప్పులూ మణికట్టు నొప్పెట్టేదాకా బిగించింది. మూత తీసే ఉంచి కూలెంట్ నింపింది. లోపల చిక్కుకున్న గాలి బయటికి పోవాలంటే ఒకరు లోపల కూర్చుని, ఇంజను స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కాలి. ఆమె కాక ఇంట్లో కారు నడపడం తెలిసింది అన్నయ్యొక్కడికే.

"తొక్కు అంటే తొక్కు, వదులు అంటే వదులు. మధ్యలో మాట్లాడకు."

అతను ఆమె చెప్పినట్టే తొక్కాడు, వదిలాడు. బుడగలు గుడగుడమని పైకొచ్చాయి, మట్టం దిగింది. ఆమె మళ్లీ పోసింది. బుడగలు ఆగాక మూత బిగించింది. ఫ్యాను తిరిగింది, ముల్లు సగం దగ్గర నిలబడింది.

"ఇంజను బాగానే ఉందే," అన్నాడు అన్నయ్య మెల్లగా.

"ఉంది. దిగు."

ఆమె చేతులు కడుక్కుని, కట్ల సంచీ వెనక సీట్లో పడేసి బండి తీసింది. ఎప్పటిలాగే దారిలో దింపుతుందనుకుని అన్నయ్య గేటు దగ్గర చెయ్యెత్తాడు. ఆమె ఆపలేదు.