తమ్ముడి శాఖకు పంపిన మార్పు

కంపెనీ శాఖలన్నిటి సర్వర్లూ ఆమె బల్లమీది తెర నుంచే నడిచేవి. ఎక్కడ ఏ సెట్టింగు మార్చాలన్నా ఆమె ముందు ఒక సర్వరు మీద పెట్టి చూసి, అంతా సవ్యంగా ఉందని నమ్మకం కుదిరాకే మిగతావాటికి పంపేది. అందుకే ఆఫీసులో ఆమెకు నిదానమ్మ అని పేరు పడింది. ఆ పేరు పెట్టినవాళ్లే ఏదైనా బెడిసికొడితే ఆమె దగ్గరికి పరుగెత్తుకొచ్చేవారు.

ఆ రోజు పొద్దున్నే మేనేజరు కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. మనిషి మాట వెన్నలా ఉంటుంది.

"చిన్న పనమ్మా. నది అవతలి శాఖలో అందరి లాగిన్లూ ఆపేయాలి. ఆ శాఖ మూసేస్తున్నాం."

ఆమె తమ్ముడు పనిచేసేది అక్కడే. ఆ ఉద్యోగం తనే చెప్పి పెట్టించింది.

"వాళ్లకి చెప్పారా సార్?"

"మధ్యాహ్నం మెయిల్ వెళ్తుంది. ముందే తెలిస్తే ఫైళ్లు పట్టుకుపోతారని పైవాళ్ల భయం. మీ తమ్ముడు అక్కడున్నాడని తెలుసు. అందుకే వచ్చి పక్కన కూర్చున్నా."

కాదంటే రేపు తన లాగిన్ గతేమిటోనన్న భయం ఆమె నోరు కట్టేసింది. మార్పు రాసింది, పంపింది. ఒక్కో సర్వరు పక్కనా పచ్చ గుర్తు పడుతూ పోయింది.

అంతలోనే ఫోన్ మోగింది.

"అక్కా, ఇక్కడ ఎవరికీ లాగిన్ అవ్వట్లేదే. కౌంటరు ముందు జనం నిలబడిపోయారు. మీవాళ్లెవరో ఏదో తగలేసినట్టున్నారు. వెనక్కి తిప్పెయ్యవూ?"

వెనక్కి తిప్పే బటన్ తెరమీద ఎదురుగానే ఉంది. మేనేజరు కూడా ఎదురుగానే ఉన్నాడు.

"చూస్తున్నాలేరా," అంది.

"హమ్మయ్య! మా అక్క చూస్తోంది, ఇక మీకేం బెంగలేదు," అని వాడు అటు తిరిగి ఎవరితోనో నవ్వుతూ అనడం వినపడింది.

సాయంత్రం తిన్నగా తమ్ముడింటికి వెళ్లింది. తలుపు తీసిన మరదలు ముఖం తిప్పుకుంది. తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"రండి. కూర్చోండి."

వాడు తనను మీరు అనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"చెప్పొద్దన్నార్రా. మేనేజరు పక్కనే ఉన్నాడు."

"చెప్పలేకపోయారు, సరే. ఫోన్ ఎత్తకుండా ఉండాల్సింది. చూస్తున్నానని ఎందుకన్నారు? మెయిల్ వచ్చేదాకా ఆ మాట పట్టుకుని అందర్నీ నేనే కూర్చోబెట్టాను. నాకు ముందే తెలుసనుకున్నారు వాళ్లు. తెలిసీ ఆడించాననుకున్నారు."

చెయ్యి పట్టుకోబోతే వెనక్కి జరిగాడు.

"ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుంటాలెండి."

మర్నాడు మేనేజరు అందరి ముందూ ఆమెను మెచ్చుకున్నాడు. "ఎక్కడా చిన్న తేడా రాలేదు. ఆ మార్పు అలాగే ఉంచమ్మా, కొండ వైపు శాఖకీ పనికొస్తుంది."

"ఈసారి ముందు వాళ్లకి చెప్పండి సార్. అప్పుడే పంపుతాను."

అతను కోప్పడలేదు. వెనక వరసలో కొత్తగా చేరిన అమ్మాయిని పిలిచాడు. నిదానమ్మ రాసిపెట్టినదాంట్లో శాఖ పేరు మారిస్తే చాలు. మేనేజరు చేతిలో కాఫీ చల్లారేలోపు ఆ పని అయిపోయింది.

కాసేపటికి ఆమె బల్లమీది ఫోన్ మోగింది. కొండ వైపు శాఖ నుంచి ఎవరో పెద్దాయన. లాగిన్ ఎప్పటికి బాగవుతుందని అడిగాడు.

"బాగవదండీ. మీ శాఖ మూసేస్తున్నారు," అని చెప్పేసింది.

మేనేజరు తన గదిలోంచి ఆమెనే చూస్తున్నాడు. చూడనీ అనుకుంది. సొంత తమ్ముడితో అనలేని మాట ముక్కూమొహం తెలియని మనిషితో ఇంత సులువుగా అనగలిగినందుకు ఆమెకు తనమీద తనకే రోత పుట్టింది.