వచ్చే సభ నుంచి

పెళ్లయి అత్తారింటికి వెళ్లాల్సిన పిల్ల సరాసరి సర్కారు బంగళాలో అడుగుపెట్టింది. పార్లమెంటు సభ్యులకిచ్చే బంగళా అది. ముందు వరండా, వెనక తోట, స్నానాల గదిలో మనిషి కాళ్లు చాపుకుని పడుకోగలిగేంత తెల్లటి టబ్బు. మొదటి రోజే ఆమె అందులో మెడదాకా మునిగి, పైకప్పు కేసి చూస్తూ కూనిరాగం అందుకుంది. రాగం సగంలో గొంతు ఆగిపోయింది. ఇలాంటి బంగళాలు సభ్యులకు ఇవ్వకూడదని బిల్లు రాసింది తనే మరి!

రాసిందంటే అలా ఇలా కాదు. లా చదివి, ఒక పౌర సంఘంలో చేరి, ఎంపీల బంగళాలు, ఒక్కసారి గెలిస్తే చాలు బతికినంతకాలం వచ్చే పింఛను, తమ జీతం తామే పెంచుకునే హక్కు, అన్నిటినీ కడిగిపారేసింది. పుట్టింటివాళ్లు విసిగిపోయి ఆమెను 'సెక్షను' అని పిలవడం మొదలుపెట్టారు. బిల్లు పట్టుకుని ఎంపీలందరి గుమ్మాలూ తొక్కితే, కొత్తగా గెలిచిన కుర్ర ఎంపీ ఒక్కడే చివరిదాకా చదివాడు. "సభలో నేను పెడతాను" అన్నాడు. ఆ తర్వాత క్లాజుల గురించి కొట్లాడుకుంటూ కొట్లాడుకుంటూ ఇద్దరూ పెళ్లిదాకా వచ్చారు.

చర్చకు ముందురోజు పొద్దున్న, వరండాలో టీ తాగుతూ ఆమె గొంతు సవరించుకుంది.

"ఏమండోయ్ సభ్యులుగారూ! మన బిల్లులో చిన్న సవరణ."

"మళ్లీనా? రేపే చర్చ, సెక్షనమ్మా."

"ఒక్క ముక్కే. 'ఈ చట్టం వచ్చే సభ నుంచి అమలవుతుంది' అని చేరుద్దాం, అంటే మళ్లీ ఎన్నికలయ్యాక. ఉన్నపళంగా అందరినీ బయటికి పొమ్మంటే ఏం బాగుంటుంది? వృద్ధ సభ్యులున్నారు, పాపం..."

"నీ బాధ వృద్ధుల గురించా, టబ్బు గురించా?"

"టబ్బు ఊసెందుకు ఇప్పుడు? నేను న్యాయసూత్రం చెబుతున్నాను."

"ఇందాకట్నించీ వేణ్నీళ్లలో నానబెట్టావుగా న్యాయసూత్రాన్ని. మెత్తబడి ఉంటుంది" అని నవ్వి, అతను ఆ ముక్క చేర్చాడు. తోట మీద అతనికీ ప్రాణమే.

సవరణ సంగతి గుప్పుమంది. నిన్నటిదాకా అతన్ని చూసి మొహం తిప్పుకున్నవాళ్లు వచ్చి భుజాల మీద చేతులేశారు. సాయంత్రం పక్క బంగళాలోని పెద్దావిడ, ఇంతవరకూ ఓటమి ఎరగని ఎంపీగారి భార్య, గేటు తోసుకుని వచ్చి ఆమె బుగ్గలు పుణికింది.

"బంగారుతల్లివే! నిన్నటిదాకా నిన్ను తిట్టుకోని పూట లేదనుకో."

"ఇప్పుడేమైంది పిన్నిగారూ?"

"వచ్చే సభ నుంచి అన్నావటగా! హమ్మయ్య అనుకున్నా. మా పెళ్లయిన కొత్తలో మీ బాబాయిగారూ ఇలాంటి బిల్లే పెట్టారు. ఆ ముక్క నేనే చేర్పించాను."

"మరి... ఆ వచ్చే సభ రాలేదా?"

"ఎందుకు రాలేదూ? వచ్చింది. ఆ వచ్చినవాళ్లు మళ్లీ వచ్చే సభ నుంచి అన్నారు. అదంతే, అదో పద్ధతి. అదిగో, గోడ పక్క నిమ్మచెట్టు! ఆ ఏడు నాటిందే. ఎంత కాపు కాస్తుందనీ!"

నెత్తిన ఎవరో చన్నీళ్లు కుమ్మరించినట్టయింది. పిన్నిగారి మొహంలో ఆమెకు తన మొహమే కనబడింది. కాస్త ఒళ్లు చేసి, మహా హాయిగా ఉంది.

మర్నాడు చర్చ మొదలయ్యే ముందు ఆమె పార్లమెంటు వసారాలో భర్తను పక్కకు లాగింది.

"ఆ సవరణ తీసెయ్."

"ఇప్పుడా? అది ఉంటే బిల్లు గట్టెక్కుతుంది. తీస్తే మునుగుతుంది."

"అది ఉంటే గట్టెక్కేది బిల్లు కాదు, మనం."

"తోట?" అన్నాడు చిన్నపిల్లాడిలా.

"కుండీలు పెట్టుకుందాం."

సవరణ వెనక్కి తీసుకున్నాడు. సభ్యుల సొంత సౌకర్యాల విషయంలో ఎవరు ఎటు ఓటేశారో రాసుకునే అలవాటు ఆ సభకు లేదు. 'అవును' అనేవాళ్లు ఒకసారి, 'కాదు' అనేవాళ్లు ఒకసారి కేకేస్తారు. స్పీకరు చెవికి ఏది గట్టిగా వినబడితే అదే తీర్పు. 'అవును' అన్నది అతనొక్కడే, అదీ గొంతు జీరపోయేలా. 'కాదు' అన్నప్పుడు మాత్రం సందర్శకుల బాల్కనీ అదిరింది. నిన్న భుజాల మీద చేతులేసినవాళ్లే అందరికన్నా గట్టిగా అరిచారు.

బాల్కనీలో ఆమెకు ఏడుపు రావాలి. తీరా చూస్తే లోపలెవరో 'బంగళా ఉంది! బంగళా ఉంది!' అని గంతులేస్తున్నారు. ఆ గంతులేసే మనిషి తనేనని తెలిశాక సిగ్గుతో చెవులు కాలిపోయాయి. దేశాన్ని బాగుచేయడానికి బయల్దేరిన మహాతల్లి, తన బిల్లు ఓడిపోయినందుకు తనే సంబరపడుతోంది!

"పద, బంగళా ఇచ్చేద్దాం" అంది, భర్త బయటికి రాగానే.

"బిల్లు ఓడిపోయిందిగా?"

"అందుకే. ఇంకొన్నాళ్లున్నానంటే నేనూ ఓ నిమ్మమొక్క నాటేస్తాను."

క్వార్టర్ల అధికారి కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు. "మరమ్మతులేమైనా ఉన్నాయామ్మా?"

"లేవండీ. మాకొద్దు."

"ఇంకా పెద్దది కావాలా?"

"అసలు ఏదీ వద్దు."

"అలాంటి పద్ధతి లేదమ్మా. సభ్యుడు ఓడిపోతే తీసుకుంటాం, పోతే తీసుకుంటాం. ఇలా నిక్షేపంలా ఉండి ఇచ్చేస్తానంటే ఎలా?"

తాళంచెవులు బల్లమీద పెట్టి వచ్చేశారు. ఆయన వాటిని పామును చూసినట్టు చూశాడు.

మందుల షాపు పైన రెండు గదులు ఖాళీగా ఉన్నాయంటే వెళ్లారు. ఇంటి ఓనరమ్మ ఇద్దర్నీ ఎగాదిగా చూసి, "అబ్బాయేం చేస్తాడు?" అంది.

"పార్లమెంటు సభ్యుణ్ణండి."

తలుపు సగం మూసుకుంది. "రాజకీయాలవాళ్లకి ఇవ్వను నాయనా. రావడమే గానీ ఖాళీ చేయడం ఎరగరు."

"మేం ఖాళీ చేసే వస్తున్నామండీ!"

"అందరూ చెప్పేదదే. నువ్వేం చేస్తావమ్మా?"

"చట్టాలు రాస్తుంటానండీ. ఎవరూ ఒప్పుకోరు."

"జీతం వస్తుందా?"

"అది వస్తుంది."

"అయితే నీకు ఇస్తాను. అతను నీ మనిషిగా ఉండొచ్చు. నువ్వు పొమ్మన్నరోజు పోవాలి."

ఎంపీగారు చేతులు కట్టుకుని భార్య వైపు తిరిగాడు. "ఎంతకాలానికి పెట్టుకుంటారమ్మా నన్ను?"

"ముందు ఐదేళ్లు. పని చూసి, ఆ తర్వాత ఆలోచిస్తాను."

ఓనరమ్మ తాళంచెవి అతని వైపు చాచినట్టే చాచి, ఆమె చేతిలో పెట్టింది.