పది డిగ్రీల దాకా

ముప్ఫై ఏళ్ళుగా బెర్గెన్‌లో ఎవరెవరికో కొండ మీద ఇళ్ళు గీసిపెట్టిన దాన్ని, మా సొంత ఇంటి దగ్గరికి వచ్చేసరికి నా పెన్సిల్ కదల్లేదు. హార్డాంగర్ పీఠభూమి మీద యాభై ఏళ్ళ కిందట నాన్న కట్టిన ఇల్లు రెండేళ్ళ క్రితం చలికాలంలో మంచు బరువుకి నడుం విరిగి కూలింది. పెద్దగా ఏడవాల్సిన ఇల్లేం కాదు. రెండు గదులు, కరెంటు లేదు, నీళ్ళు వాగు నుంచి మోసుకోవాలి. గాలి తగలకూడదని నాన్న తలుపును గాలిచాటున పెట్టాడు. మంచు పేరుకునేది కూడా ఆ చాటునే అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ప్రతి ఈస్టర్‌కీ రైలు దిగి, రెండు గంటలు స్కీల మీద వెళ్ళి, ముందు తలుపు ఎక్కడుందో తవ్వి కనుక్కునేవాళ్ళం.

లోపల బయటికంటే చలి. మైనస్ పద్నాలుగు. అమ్మ ఇనప పొయ్యి ముట్టించేది. గోడ మీది పాదరసం పదికి చేరేదాకా కోట్లు విప్పకూడదన్నది ఆమె చట్టం. నాన్న కట్టెలు చీల్చడానికి కొట్టంలోకి పోయేవాడు. అమ్మ, నేను, తమ్ముడు హాల్వర్ ఒకే బల్ల మీద ఒకే దుప్పట్లో ఇరుక్కుని, రాయిలా గడ్డకట్టిన నారింజపండును పొయ్యి మీద పెట్టి కరిగించుకునేవాళ్ళం. అప్పుడు అమ్మ మాట్లాడేది.

ఊళ్ళో అమ్మని ఎరిగినవాళ్ళు ఈ మాట నమ్మరు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండే మనిషి. ఇల్లు వెచ్చబడే ఆ గంటన్నర మాత్రం చేపలకు ఉప్పు పట్టించే షెడ్డులో తన పదిహేనో ఏడు, అక్కడి మేస్త్రీని ఆడవాళ్ళంతా కలిసి పీపాలో పడదోసిన సంగతి, అన్నీ చెప్పేది. పాదరసం పది చూపించగానే "సరే, పది" అని లేచి కాఫీ పెట్టేది. మళ్ళీ ఏడాది దాకా అంతే.

నా పద్నాలుగో ఏట, అలాగే కూర్చుని ఉండగా, "మీ చిన్నప్పుడు నేను మీ నాన్నని వదిలేసి వెళ్ళిపోయాను, ఇక్కణ్ణించే" అంది. సంచి సర్దుకుని, స్కీలు కట్టుకుని, స్టేషన్ వైపు బయల్దేరిందట. దారి గుర్తుకి పేర్చిన రాళ్ళ కుప్పల్లో మూడోదాని దగ్గర ఆగిందట.

"ఎందుకాగావమ్మా?" అన్నాను.

అమ్మ గోడ వైపు చూసింది. "సరే, పది."

ఆ తర్వాత ఎప్పుడు అడిగినా మాట దాటేసింది. ఇప్పుడు నాన్న పోయి తొమ్మిదేళ్ళు. అమ్మకి ఎనభై ఒకటి. ఆ మిగతా సగం వినకుండానే ఆమెను పోగొట్టుకుంటానేమోనని నాకు నిజంగా భయం పట్టుకుంది.

పాత ఇల్లున్న చోట ఆ మరుసటి చలికాలమంతా కర్రలు పాతి, గాలి ఎటు ఊడుస్తోందో, మంచు ఎటు పేరుకుంటోందో గుర్తుపెట్టుకున్నాను. కొత్త ఇంటికి తలుపు గాలి ఊడ్చే వైపు. పైకప్పు కొండవాలుతో పాటే వాలి ఉంటుంది. పడమట గోడంతా అద్దం. ఈ మధ్యే కొండ మీదికి కరెంటు వచ్చింది కనుక నేల కింద వేడి తీగలు. అట్టతో నమూనా చేసి అమ్మ వంటింటి బల్ల మీద పెట్టాను. చూసుకుని నేనే మురిసిపోయాను.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, పైకప్పు ఎత్తి లోపలికి తొంగి చూసింది.

"పొయ్యి ఏదే?"

"ఇంకా పొయ్యేంటమ్మా?" పక్కనే ఉన్న హాల్వర్ అందుకున్నాడు. "రైల్లో కూర్చుని ఫోన్లో ఒక్క నొక్కు నొక్కితే, మనం వెళ్ళేసరికి ఇరవై రెండు డిగ్రీలుంటుంది."

"వెళ్ళేసరికే?"

"వెళ్ళేసరికే."

అమ్మ కప్పు మళ్ళీ జాగ్రత్తగా పెట్టేసింది. "మరి వెళ్ళి ఏం చేస్తాం?"

హాల్వర్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇంటికెళ్ళి ఆ నమూనాను బ్లేడుతో కోశాను. అద్దం ఉంచాను, కప్పు ఉంచాను, వేడి తీగలు పీకేశాను. ఇంటి నడుమ ఒక చిన్న గది, అందులో కూలిన ఇంటి నుంచి తవ్వి తీసిన ఇనప పొయ్యి, ముగ్గురికి సరిగ్గా సరిపోయే బల్ల. అది వెచ్చబడ్డాకే మిగతా గదుల తలుపులు తీయాలి.

"ముప్ఫై ఏళ్ళ అనుభవంతో చలిగది కనిపెట్టావా అక్కా?" అన్నాడు హాల్వర్. "ఆవిడకి జలుబు చేస్తే నువ్వు చూస్తావా?"

"మూడో రాళ్ళ కుప్ప గుర్తుందా నీకు?"

వాడు నా గీతల మీదికి వంగాడు. "బల్ల ఇంకొంచెం ఇరుగ్గా చెయ్యి" అన్నాడు.

ఆ వేసవిలో ఇల్లు లేచింది. ఈ ఈస్టర్‌కి వెళ్ళాం. అమ్మని మంచుబండిలో కూర్చోబెట్టి హాల్వర్ లాగాడు.

"నిన్ను ఆరేళ్ళు నేను లాగాన్రా. రొప్పకుండా లాగు" అంది అమ్మ.

తలుపు ముందు గుప్పెడు మంచు కూడా లేదు. "మీ నాన్నుంటే పార పట్టుకుని ఏం చెయ్యాలో తోచక తిరిగేవాడు" అంది.

లోపల మైనస్ పదకొండు. అమ్మ నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్ళింది. చేతితొడుగులు తీసి, దాని చల్లటి ఇనుమును ఒకసారి నిమిరి, పుల్లలు పేర్చి ముట్టించింది. ముగ్గురం దుప్పట్లో ఇరుక్కున్నాం. సున్నా దగ్గర ఉప్పు షెడ్డు మొదలైంది. నాలుగుకి మేస్త్రీ పీపాలో పడ్డాడు. ఆరు దగ్గర, మూడో కుప్ప సంగతి అడిగాను.

అమ్మ నారింజ తొక్క పొయ్యిలో వేసింది.

"ఆగి వెనక్కి చూశాను. పొగ గొట్టంలోంచి రావట్లేదు, తలుపులోంచి వస్తోంది. మీ నాన్న పొగగొట్టం మూత తియ్యకుండా పొయ్యి ముట్టించాడు. లోపల మీరిద్దరు. మొగుణ్ణి వదిలెయ్యొచ్చు గానీ, ఆ తెలివిగలవాడి చేతిలో మిమ్మల్నెలా వదిలేది? తిట్టుకుంటూ వచ్చాను. మీ నాన్న మిమ్మల్నిద్దర్నీ తన కోటులో చుట్టి, మంచులో నిలబెట్టి, తను మాత్రం మసి మొహంతో ఒట్టి చొక్కాతో వణుకుతున్నాడు. ఆ మొహం చూస్తే నవ్వొచ్చింది. నవ్వాక మళ్ళీ స్కీలు కట్టుకోవడం కుదర్లేదు."

అమ్మ మొహం తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను. హాల్వర్ అలవాటుగా కట్టె అందుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. పాదరసం తొమ్మిదిన్నర. అమ్మ గోడ వైపు చూసింది. ఇక ఆ మాట వస్తుందని నేను కాళ్ళు కూడదీసుకున్నాను.

"హాల్వర్, ఆ తలుపు కాస్త తియ్యరా, చలి రానీ" అంది అమ్మ. "ఇంకా చెప్పాల్సింది ఉంది."