ఉడత వేసిన ముడి

ఆ ఇంటి పెరట్లో ఒక ఆపిల్ చెట్టుకి ఐదేళ్లుగా జరుగుతున్న రాజోపచారాలు ఆ ఇంట్లో మనుషులకి ఎవరికీ జరగలేదు. దానికి వేళకి నీళ్లు, వేళకి ఎరువు, ఎండ ముదిరితే నాలుగు కర్రల మీద పాత దుప్పటి పందిరి. ఇల్లాలికి జ్వరం వస్తే మాత్రం "మాత్రలు ఎక్కడున్నాయో నీకు తెలుసుగా" అని పెరట్లోంచే కేకేసేవాడు ఇంటాయన.

ఇంటాయన వృత్తి కట్టుడు పళ్లు చేయడం. పళ్ల డాక్టరు ముందు గదిలో పీకుతుంటాడు, ఈయన వెనక గదిలో కూర్చుని కడుతుంటాడు. గది నిండా ప్లాస్టరు పొడి, అరల నిండా ఎవరెవరివో దవడల అచ్చులు, వాటి మీద పెన్సిలుతో రాసిన పేర్లు. పాతికేళ్లుగా చిగుళ్లకి గులాబీ రంగు సరిచూసి సరిచూసి, ఏ గులాబీ రంగు కనబడ్డా దానికి నంబరు చెప్పే జబ్బు ఒకటి పట్టుకుంది ఆయనకి. పక్కింటావిడ ముచ్చటపడి కొత్త బట్టలు చూపిస్తే "అచ్చం మూడో నంబరు చిగుళ్లు!" అని మెచ్చుకున్నాడు. ఆవిడ ఆ బట్టలు మళ్లీ కట్టుకోలేదు.

అలాంటి మనిషితో నర్సరీవాడు "పైకి పాలిపోయినట్టు ఏమీ ఎరగనట్టు ఉంటుందండీ, కోస్తే మాత్రం లోపలంతా గులాబీ రంగే" అంటే ఊరుకుంటాడా? ఆ రోజే అంటు మొక్క కొనుక్కొచ్చి పాతాడు. పాతిన చేతులు కడుక్కోకముందే వీధి వీధంతా చెప్పొచ్చాడు. డప్పు కొట్టుకోవడంలో ఆయనకి ఆయనే సాటి. మొదటి ఏడాది ఆకులు వచ్చాయి. రెండో ఏడాది ఇంకొన్ని ఆకులు వచ్చాయి. "ఏమండీ, గులాబీ ఆపిల్ ఎంతవరకు వచ్చింది?" అని వీధిలో కనబడ్డవాళ్లల్లా పరామర్శించడం మొదలుపెట్టారు.

మూడో ఏడు పూలు పూసి రాలిపోయాక, ఇంకో రకం ఆపిల్ పుప్పొడి తగిలితేగాని కాయ కట్టదని నర్సరీవాడికి తీరిగ్గా గుర్తొచ్చింది. ఎదురింటి ఫోటోగ్రాఫరు పెరట్లో మామూలు ఎర్ర ఆపిల్ చెట్టు ఉంది. నాలుగో ఏడు ఈయన పింగాణీ పళ్లకి రంగులద్దే సన్న కుంచె పట్టుకుని వెళ్లి, ఆ పూల పుప్పొడి తీసుకొచ్చి, ముక్కు చెట్టుకి ఆనించి ఒక్కొక్క పువ్వుకీ అద్దాడు. అప్పట్నుంచీ ఫోటోగ్రాఫరు "సగం కాయలు మావే" అంటూ తిరిగేవాడు. సగం అవ్వడానికి కాసినవే రెండు పిందెలు. ఒకటి గాలికి పోయింది, రెండోది ఉడత కొరికి పడేసింది. పడేసినదాని లోపల శుభ్రంగా తెల్లగా ఉంది.

"పిందె కదా, పండితే రంగొస్తుంది" అన్నాడు ఈయన.

"రాకపోయినా దిగులు పడకండి సార్. ఫోటోలో నేను వేసి పెడతాను, నా దగ్గర అన్ని గులాబీలూ ఉన్నాయి" అన్నాడు ఫోటోగ్రాఫరు.

వీధిలో వాళ్లు నవ్వారంటే పోనీలే అనుకోవచ్చు. ఆయన్ని నిజంగా నమిలి తినేది మాత్రం ఇంట్లోనే ఉన్న అత్తగారు, అదీ పళ్లు పెట్టుకోకుండానే. అల్లుణ్ణి ఆమె ఏనాడూ ఏకవచనంలో పిలవలేదు. "అల్లుడుగారు" అంటుంది. ఆ "గారు" వింటే చాలు, ఆయనకి ఒళ్లు మండిపోతుంది.

ఆరేళ్ల కిందట ఆమెకి ఆయనే స్వయంగా పళ్లు కట్టాడు. డాక్టరుకి కట్టిచ్చినట్టు కాదు, ప్రాణం పెట్టి కట్టాడు. ఆమె పడుచుతనం నాటి ఫోటో ఒకటి వెతికి పట్టుకుని, పై వరస ముందు పన్ను ఒకటి కాస్త పక్కకి తిరిగి ఉండటం చూసి, ఆ వంకరని ఆ వంకరగానే దించాడు. నోట్లో పెట్టుకుని అద్దంలో చూసుకున్నప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి కూడా. అక్కడితో ఊరుకుంటే ఆయన ఆయనెందుకవుతాడు? సాయంత్రానికి వీధిలో డజను మందిని పిలిచి, ఆమెని నడిమధ్య కుర్చీలో కూర్చోబెట్టి, "అత్తయ్యగారూ, ఒక్కసారి నోరు తెరవండి. ఇంకా పెద్దగా. ఇదిగో చూశారా, ఆ వంకర చూశారా!" అని వేలుపెట్టి చూపించాడు. ఫోటోగ్రాఫరు దగ్గరికి వంగి ఫ్లాష్ కొట్టాడు.

మర్నాటి పొద్దున ఆ పళ్లు కిటికీలో గాజు గ్లాసు నీళ్లలోకి చేరాయి. "పట్టడం లేదు అల్లుడుగారూ, గుచ్చుకుంటున్నాయి" అంది ఆమె. ఆయన పదకొండుసార్లు అరగదీశాడు. పదకొండుసార్లూ గుచ్చుకున్నాయి. అప్పట్నుంచీ ఆమెకి మూడుపూటలా పాలల్లో నానబెట్టిన రొట్టే. సొంత అత్తగారికే పట్టలేదట అన్న మాట గుప్పుమంది. పళ్లు కట్టించుకుందామని వచ్చినవాళ్లు కూడా కాస్త ఆలోచించుకుని వస్తామని లేచి వెళ్లిపోయేవారు. తన పనిలో లోపం ఎక్కడుందో తెలియక ఆయన పాపం రాత్రిళ్లు నిద్రపోయేవాడు కాదు. లోపం దవడలో వెతికాడు, చిగుళ్లలో వెతికాడు, ప్లాస్టరులో కూడా వెతికాడు. ఆ సాయంత్రం సంగతి మాత్రం ఆయనకి తట్టనే లేదు.

ఐదో ఏడు చెట్టున ఒకే ఒక్క కాయ నిలిచింది. భార్య పాత కర్టెను చింపి సంచి కుట్టి ఇస్తే దాన్ని కాయకి తొడిగి, తాడుతో ముడి వేశాడు. కాయ పండి పాలిపోయిన పసుపురంగుకి తిరగ్గానే, ఆదివారం పది గంటలకి కోస్తున్నానని అందరినీ పిలిచేశాడు.

"ముందు మనం ఓసారి చూసుకుని పిలవచ్చు కదండీ" అంది భార్య.

"ఉన్నదే ఒక్కటి. ముందే కోసేస్తే పదిమంది ముందు ఏం కోయను, నా తలకాయా?"

మాట విసురుగానే అన్నాడు గానీ లోపల దడగానే ఉంది. పళ్ల దగ్గర పోయిన పరువు ఎలాగూ పోయింది. కాయ కూడా తెల్లగా తేలితే ఇక వీధిలో తలెత్తుకోలేడు. అన్నిటికీ మించి, ఒక్కసారి, ఒకే ఒక్కసారి అత్తగారి ముందు నెగ్గాలని ఉంది ఆయనకి. యాభై రెండేళ్ల మనిషి ఐదేళ్లు చెట్టుకి చాకిరీ చేసింది ఆ ముసలావిడ నోట ఒక మంచి మాట కోసం. చెబితే సిగ్గుచేటని ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం ఎనిమిదింటికి పెరట్లోకి వెళ్లాడు. సంచి సంచిలాగే ఉంది, ముడే తేడాగా ఉంది. ఆయన వేసేది లాగితే ఊడే ముడి. ఇది రెండు పీటముళ్లు, బిగించి మరీ వేసినవి. గోళ్లతో లాగి విప్పాడు. కాయకి ఒక పక్క నిండా కొరికిన గాటు పడి ఉంది.

కెవ్వున అరవబోయి ఆగిపోయాడు. కొరికినచోట లోపలంతా గులాబీ రంగు! రెండో నంబరుకి ఎక్కువ, మూడో నంబరుకి తక్కువ. పాతికేళ్లు చిగుళ్లలో కలపబోయి కలపలేకపోయిన రంగు. ఆయనకి ఏడుపొచ్చినంత పనయింది. అప్పుడు చూశాడు పళ్ల గుర్తులు. పై వరస, కింది వరస అచ్చు తీసినట్టు పడ్డాయి, ఎక్కడా జారలేదు. పై వరసలో ముందు పన్ను గుర్తు ఒకటి కాస్త పక్కకి తిరిగి ఉంది.

కట్టుడు పళ్లతో రొట్టె తినడం వేరు, ముందు పళ్లతో ఆపిల్ కొరకడం వేరు. పళ్లు ఎంత బాగా అమరితే ఆ గాటు అంత శుభ్రంగా పడుతుందో ఆయనకి తెలియదా? కాయని చెట్టునుంచి తెంపి, సంచిలో పెట్టుకుని, తిన్నగా అత్తగారి గదికి వెళ్లాడు. కిటికీలో గ్లాసు ఖాళీగా ఉంది. ఆమె పెదాలు బిగించుకుని దుప్పటి మడతపెడుతోంది.

"అత్తయ్యగారూ, కాయని ఉడత కొరికింది."

"ఊఁ. వెధవ ఉడతలు" అంది ఆమె, పెదాలు కదపకుండానే.

"కొరికి మళ్లీ సంచి తొడిగి ముడి కూడా వేసింది."

ఆమె దుప్పటి మడత ఇంకో రెండుసార్లు సరిచేసింది. సరిచేయడానికి ఇంకేమీ మిగల్లేదు.

"ఏం చెయ్యమంటారు? పిందెలో తెల్లగా ఉండటం నేనూ చూశాను. వీధంతటినీ పిలిచి కూర్చున్నారు. తెల్లగా ఉంటే మొత్తం తినేసి, ఉడత తినేసిందని చెబుదామనుకున్నా. కత్తి పెడితే మనిషి పనని తెలిసిపోతుందని కొరికాను. రంగు కనబడింది కాబట్టి అక్కడితో ఆపాను" అంది. "మీ పరువు పోతే నాకేం, దాంతోపాటు నా కూతురిది కూడా పోతుంది కదా."

ఆయన ఎదురు వాదించకుండా సంచి పట్టుకుని బయటికొచ్చాడు. ఆయన జీవితంలో అది రెండోసారో మూడోసారో.

పది గంటలకి పెరడు నిండిపోయింది. ఇన్నాళ్లుగా ఎదురుచూసిన సాక్ష్యం ఆయన చేతిలోనే ఉంది. ఆ కాయని తిప్పి ఒక్క మాట అంటే చాలు, పళ్ల కథా కాయ కథా ఒకేసారి తేలిపోతాయి. వెనక వరసలో కుర్చీలో అత్తగారు నోరు బిగించుకుని కూర్చుని ఉంది. అచ్చం ఆరేళ్ల కిందటి సాయంత్రం లాగే చుట్టూ జనం, మధ్యలో ఈసారి ఆమెకి బదులు తను. ఆ పోలిక చూశాక ఆయనకి పదకొండుసార్లు ఎందుకు గుచ్చుకున్నాయో అర్థమైంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆ చెవుల రంగుకి మాత్రం నంబరు చెప్పుకోలేదు.

సంచి తీశాడు. అందరూ "అబ్బో!" అన్నారు. అత్తగారు ఒక్కతే అనలేదు. ఫోటోగ్రాఫరు కెమెరాతో దగ్గరికొచ్చి, "రంగు నిజమే సార్, ఒప్పుకున్నాం. కానీ ఇదెవరు కొరికారు?" అన్నాడు.

"నేనే. ఆగలేకపోయాను" అన్నాడు ఇంటాయన.

పెరడంతా గొల్లుమంది. "పదిమందిని పిలిచి ముందే ఎంగిలి చేశారా!" అని ఒకరు, "చిన్నపిల్లాడికంటే కనాకష్టం" అని ఇంకొకరు. ఆయన నవ్వుతూ నిలబడ్డాడు. ఫోటోగ్రాఫరు మాత్రం కెమెరా తెరలో గాటుని పెద్దది చేసి చూస్తున్నాడు.

"ఉండండుండండి. ఈ ముందు పన్ను పక్కకి తిరిగి ఉంది. మీ పళ్లు తిన్నగానే ఉన్నాయే. ఏదీ, ఓసారి నోరు తెరవండి."

ఇంటాయన నోరు గట్టిగా మూసుకున్నాడు. అప్పుడు వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. అత్తగారు లేచి, జనాన్ని మోచేత్తో తప్పించుకుంటూ వచ్చి, అల్లుడి చేతిలోంచి కాయ తీసుకుంది. మొదటి గాటు పక్కనే రెండో గాటు వేసింది. ఫటుక్కుమన్న చప్పుడు గేటు దాకా వినబడింది. అందరి ముందూ తీరిగ్గా నమిలింది, మింగింది.

"కాయ పులుపు" అంది.

ఫోటోగ్రాఫరు ఫ్లాష్ కొట్టడమే మర్చిపోయాడు. ఆమె మిగతా కాయని అల్లుడి చేతిలో పెట్టి, కూతురి వైపు తిరిగింది.

"రేపట్నుంచి నా రొట్టె పాలల్లో నానబెట్టకు."