పొద్దుటి గ్లాసు

జబ్బు ఆయనదైతే సిగ్గు తనదెలా అయింది? కిరసనాయిలు స్టవ్ మీద నీళ్లు కాగుతున్నంతసేపూ విద్యావతి మనసు ఆ ప్రశ్న దగ్గరే నిలిచిపోయింది. నాంపల్లి డాక్టరు దాపరికం లేకుండానే చెప్పాడు. పురుషాంగంలో చర్మం కింద గడ్డలా గట్టిపడింది, అందుకే ఆ వంకర, ఆ నొప్పి. "కోత అక్కర్లేదు. ఈడ మిషన్‌తోని వేడి ఇస్తం, ఇంట్ల కాపడం పెట్టాలె. ఓపిక పట్టున్రి," అన్నాడు. ఓపిక అనగానే భర్త శ్యామ్‌సుందర్ ఆమె వైపు చూశాడు, అది కూడా ఆమే పట్టాలన్నట్టు.

అప్పటినుంచి తువ్వాలు వేడినీళ్లలో ముంచేది ఆమె, పిండేది ఆమె, కందేవి ఆమె అరచేతులు. వేడి ఎక్కువైతే కసురుతాడు, తక్కువైతే కసురుతాడు. క్లినిక్‌లో ఆమెను ఆడవాళ్ల బెంచీ మీద కూర్చోబెట్టి, దారిలో ఆబిడ్స్ దగ్గర తెలిసినవాళ్లెవరైనా కనబడితే, "మా ఇంటామెకు జర బాగుంటలేదు," అంటాడు. గన్‌ఫౌండ్రీ బ్యాంకులో తోటి గుమాస్తాలకూ అదే మాట, కన్నతల్లికీ అదే మాట. అత్తమ్మ నమ్మింది. పిల్లలు కలగని కోడలి కోసం హకీం దగ్గర గర్భసంచి మందు తెచ్చింది. రోజూ పొద్దున్నే గ్లాసెడు నల్లటి కషాయం. తనకు లేని జబ్బుకు తాగిన చేదు సాయంత్రం దాకా నాలుకను వదలదు. వాంతి చేసుకున్న రోజున కూడా ఆయన పేపరు దించలేదు.

"అత్తమ్మకు నిజం చెప్పున్రి," అని ఒకసారి అడిగింది.

"మొగోణ్ని, ఎట్ల చెప్పాలె? తాగితే నీదేం పోతది?"

ఆయన నొప్పి మీద ఆమెకు కోపం లేదు. నొప్పితో ముడుచుకుపోయే మనిషిని చూస్తే జాలే. కానీ ఆ జాలిని కూడా ఆయన చాకిరీలో కలిపేసుకున్నాడు.

"ఏందే, ఇంక తాగలే?" అత్తమ్మ గ్లాసుతో వంటింటి గడపలో నిలబడింది. "ఈ దవాయి గూడ పన్జేయకుంటే కాచిగూడల మా అన్న బిడ్డ ఉన్నది. ఆ పిల్లను జేసుకొమ్మని నిన్న వానికి జెప్పిన."

"ఆయనేమన్నడు?"

"ఏమంటడు? కాదనలే. నీ ఇష్టమమ్మా అన్నడు."

నీళ్లు మరుగుతున్నాయి. విద్యావతి స్టవ్ ఆర్పింది. అత్తమ్మ చేతిలోంచి గ్లాసు తీసుకుని, ముందుగదిలోకి నడిచి, ఆయన పేపరు పక్కకు జరిపి, ఎదురుగా పెట్టింది. వెనకే వచ్చిన అత్తమ్మకు కూడా వినబడేలా నెమ్మదిగా అంది:

"తాగున్రి. డాక్టరు చూసేది మిమ్ముల్నే గద."