వెండెలిన్ ఎవర్నీ ఎరగడు

మా రాజధాని వాడుజ్‌లో, బ్యాంకులో ముప్ఫై ఏళ్లు పనిచేసినవాడికి ఒక అలవాటు ఒంటబట్టిపోతుంది. ఖాతాల గుట్టు బయటపడకుండా, ఖాతాదారు వీధిలో ఎదురుపడితే ఎరగనట్టే నడిచిపోవాలి. వెండెలిన్‌కి అది మరీ ముదిరింది.

ఆ ఏడాది మా చిన్న దేశం పరువు బజారున పడింది. దొంగసొమ్ము దాచిపెట్టే కొట్టుగది అంటూ జర్మనీ పేపర్లు రోజూ దుమ్మెత్తిపోసేవి. ఏం మాటలవి! అంతా కలిపి ముప్ఫై అయిదు వేలమందిమి, అందరమూ దొంగలమేనా? వెండెలిన్ కూతురు ఆల్మాకి ఒక జర్మనీ కుర్రాడితో పెళ్లి కుదిరింది. అతను ఏడిపించినప్పుడల్లా ఆమెది ఒకటే జవాబు: "మా నాన్నకి అబద్ధమాడటం చేతకాదు. వచ్చి చూసుకో."

ఆదివారం మధ్యాహ్నం కుర్రాడు తండ్రిని వెంటబెట్టుకుని భోజనానికి వచ్చాడు. తలుపు తీసిన వెండెలిన్ కుర్రాడి తండ్రిని చూడగానే గుర్తుపట్టాడు. పంతొమ్మిదేళ్లుగా తన చేతిమీదుగా రహస్య ఖాతా నడిపిన లోథర్! ముఖంలో మాత్రం ఏమీ కనబడనివ్వలేదు.

"రండి, రండి. మిమ్మల్ని చూడటం ఇదే మొదలు. దారిలో ఇబ్బందేమీ కాలేదు కదా?"

లోథర్ పకపకా నవ్వాడు. "ఇంకా ఎందుకయ్యా ఈ నాటకం? పన్నులవాళ్ల దగ్గర అంతా ఒప్పేసుకున్నాను, జరిమానా కూడా కట్టాను. మా ఇంటిల్లిపాదికీ తెలుసు."

"తమరు నన్ను చూసి ఇంకెవరో అనుకుంటున్నట్టున్నారు."

"బాగుంది! మొన్న ఈస్టరు ముందు బ్యాంకులో నీ గదిలో కూర్చుని కాఫీ తాగానుగా!"

కుర్రాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆల్మా, చేతకాదన్నావే! మీ నాన్న మహా ఘటికుడు!"

ఆల్మా నవ్వలేదు. తండ్రినే చూస్తూ నిలబడింది.

"నాన్నా, కిందటి నెల అమ్మకి ఆపరేషనయ్యాక డాక్టరు భయం లేదన్నాడని చెప్పావు. అదీ ఇలాగే చెప్పావా?"

డాక్టరు ఆ మాట నిజంగానే అన్నాడు.

"అయ్యో, లేదమ్మా! భయమేమీ లేదన్నాడు, ఒట్టు!"

అదే గొంతు, అదే నిబ్బరం. ఇందాకటి అబద్ధానికీ ఈ నిజానికీ తేడా లేదని అతని చెవికే తెలిసింది.

వంటింట్లోంచి ఇదంతా విన్న భార్య నోట్‌బుర్గా పొగలుకక్కే చీజు ముద్దల గిన్నె తెచ్చి బల్లమీద పెట్టింది. పక్కన ఆపిల్ గుజ్జు పెట్టింది. అతిథులకి కొసరి కొసరి వడ్డించింది. భర్త వంక మాత్రం చూడలేదు.

"రేపు డాక్టరు దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్లి అడుగుతాను," అంది.